క్లోమ క్యాన్సర్‌కు మందు: నెలల లెక్కలో సాగిన చరిత్ర

ఈ ప్రత్యేక సంచికకు ఆరోగ్య విషయాల మీద చరిత్ర వ్యాసం ఒకటి కావాలని సంపాదకవర్గం వారు కోరారు. షుగరు గురించో, రక్తపోటు గురించో రాయమని కొందరు మిత్రులు సలహా ఇచ్చారు. వాటి గురించి మన పత్రికలో ఇప్పటికే చాలాసార్లు వచ్చింది. గత మూడేళ్లలో మన సభ్యులు ఇద్దరు క్లోమ క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఇద్దరికీ జబ్బు ముదిరిన తర్వాతే బయటపడింది. ఒకరు కీమోథెరపీ చేయించుకున్నారు. మరొకరు వద్దని ఇంటిపట్టునే ఉండిపోయారు. పరామర్శకు వెళ్లినప్పుడు మొదటివారి ఇంట్లో "అనవసరంగా ఆయన్ని బాధపెట్టామేమో" అన్న మాట విన్నాను. రెండోవారి ఇంట్లో "మందు ఎక్కించి ఉంటే ఇంకొన్నాళ్లు ఉండేవారేమో" అన్న మాట విన్నాను. అప్పటినుంచి ఈ విషయం మీద దొరికినంత చదువుతూ వచ్చాను.

నేను డాక్టరును కాను, గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఫైలును మొదటి కాగితం నుంచి చదివితే గాని చివరి ఉత్తర్వు అర్థం కాదన్నది మా సెక్షన్లో నేర్చుకున్న పాఠం. అదే పద్ధతిలో ఈ మందుల చరిత్రను వరుసగా మీ ముందుంచుతున్నాను.

ఆలస్యంగా బయటపడే జబ్బు

క్లోమం అంటే పాంక్రియాస్. పొట్ట వెనకాల, వెన్నెముకకు ముందు అడ్డంగా, సుమారు 15 సెంటీమీటర్ల పొడవున ఉండే గ్రంథి. అన్నం అరగడానికి కావలసిన రసాలనూ, షుగరును అదుపులో ఉంచే ఇన్సులిన్‌నూ ఇదే తయారు చేస్తుంది. చేతికి తగలనంత లోపల ఉంటుంది కనుక ఇక్కడ గడ్డ పుట్టినా చాలాకాలం తెలియదు. అరగకపోవడం, ఆకలి తగ్గడం, బరువు తగ్గడం, నడుముదాకా పాకే కడుపునొప్పి, కొందరిలో పచ్చకామెర్లు, పెద్ద వయసులో ఉన్నట్టుండి కొత్తగా షుగరు రావడం వంటివి దీని లక్షణాలు. వీటిలో చాలావాటిని మన వయసువాళ్లం గ్యాసని సరిపెట్టుకుంటాం. అందుకే ఆపరేషన్‌కు వీలున్న దశలో బయటపడేది నూటికి 15 నుంచి 20 మందికే. 1935లో న్యూయార్క్ సర్జన్ అలెన్ విపుల్ వివరించిన ఆపరేషన్, తర్వాత ఎన్నో మార్పులతో, ఇప్పటికీ ఆయన పేరుతోనే సాగుతోంది. అది వీలుకాని మిగతా నూటికి 80 మందికి ఆధారం మందులే.

ఇక్కడొక సంగతి గమనించాలి. యాపిల్ కంపెనీ స్టీవ్ జాబ్స్ ఈ జబ్బుతో ఎనిమిదేళ్లు బతికాడు కదా అని కొందరు అంటారు. ఆయనకు 2003లో బయటపడినది క్లోమంలోనే పుట్టే వేరే రకం, మెల్లగా పెరిగే గడ్డ. మామూలుగా వచ్చే రకం అది కాదు. మామూలు రకం ఎంత వేగంగా నడుస్తుందో చెప్పడానికి గోవా ముఖ్యమంత్రిగా పనిచేసిన మనోహర్ పారికర్ గారి విషయం చాలు. 2018 ఫిబ్రవరిలో జబ్బు బయటపడింది. అమెరికాలో కూడా వైద్యం జరిగింది. 2019 మార్చి 17న ఆయన మరణించారు. అంటే పదమూడు నెలలు.

విషవాయువు నుంచి భీమవరం బిడ్డ దాకా

క్యాన్సర్‌కు మందు అన్న ఆలోచన యుద్ధంలోంచి వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో వాడిన మస్టర్డ్ గ్యాస్ సైనికుల రక్తంలో తెల్లకణాలను నాశనం చేసిందని డాక్టర్లు గమనించారు. ఆ జాతి రసాయనాన్నే 1942లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో గుడ్‌మన్, గిల్‌మన్ అనే శాస్త్రవేత్తలు లింఫ్ గ్రంథుల క్యాన్సర్ ఉన్న ఒక రోగికి ఇచ్చి చూశారు. గడ్డలు కొన్నాళ్లు కరిగాయి, మళ్లీ వచ్చాయి. యుద్ధకాలపు రహస్యం కావడం వల్ల ఈ సంగతి 1946 దాకా బయటికి రాలేదు.

రెండో మెట్టు మన తెలుగువాడిది. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1940లో అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలలో చేరారు. ఆయన నాయకత్వంలో పనిచేసిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. కణం పెరగడానికి ఫోలిక్ ఆమ్లం కావాలి. మరి దాన్నే పోలి ఉండి, పని మాత్రం చేయని నకిలీ పదార్థాన్ని అందిస్తే క్యాన్సర్ కణం దాన్ని మింగి ఆగిపోతుంది కదా! ఆ ఆలోచనతో తయారైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న 16 మంది పసిపిల్లలకు ఇచ్చారు. పదిమందిలో గుణం కనిపించిందని 1948 జూన్‌లో ప్రకటించారు. ఆ తర్వాత రెండు నెలలకే, ఆగస్టులో, సుబ్బారావు గారు 53వ ఏట కన్నుమూశారు. 1995లో ఆయన శతజయంతికి మన తపాలాశాఖ వారు స్టాంపు విడుదల చేశారు.

ఈ "నకిలీ పదార్థం" సూత్రమే క్లోమ క్యాన్సర్ మందులకూ మూలమైంది. ఎలుకల కాలేయపు గడ్డలు యురాసిల్ అనే పదార్థాన్ని మామూలు కణాలకంటె ఎక్కువగా వాడుకుంటున్నాయని 1954లో తేలింది. దానిమీద ఆధారపడి విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ హైడెల్‌బర్గర్ ఆ యురాసిల్‌లో ఒక హైడ్రోజన్ పరమాణువు తీసి ఫ్లోరిన్ పెట్టారు. అదే 1957లో వెలువడిన 5-ఫ్లోరోయురాసిల్. తర్వాత నలభై ఏళ్ల పాటు క్లోమ క్యాన్సర్‌కు చెప్పుకోదగ్గ మందు ఇదొక్కటే. అయితే చెప్పుకున్నంత గుణం ఉందా అంటే లేదు. స్కానింగ్ రాకముందు డాక్టర్లు గడ్డను చేత్తో తడిమి "తగ్గింది" అని రాసుకునేవారు. 1971లో సీటీ స్కాన్ వచ్చి కొలతలు ఖచ్చితమయ్యాక ఆ "తగ్గడం" చాలావరకు మాయమైంది.

1997: మొదటిసారి లెక్క మారింది

ఇండియానాపోలిస్‌లోని ఇలై లిల్లీ కంపెనీలో లారీ హెర్టెల్ బృందం 1980లలో రెండు ఫ్లోరిన్ పరమాణువులున్న ఒక కొత్త పదార్థాన్ని తయారుచేసింది. ముందు దాన్ని వైరస్‌లను చంపే మందుగా చూశారు. అది కణాలనే చంపుతోందని తేలాక క్యాన్సర్ వైపు తిప్పారు. దాని పేరు జెమ్‌సైటబైన్. 1996లో అమెరికా ప్రభుత్వం క్లోమ క్యాన్సర్‌కు దీన్ని అనుమతించింది. ఆ అనుమతికి ఆధారమైన పరీక్ష వివరాలు 1997లో అచ్చయ్యాయి.

ఆ పరీక్షలో 126 మంది రోగులు. సగం మందికి పాత మందు, సగం మందికి జెమ్‌సైటబైన్. పాత మందు తీసుకున్నవారిలో మధ్యస్థ జీవితకాలం 4.41 నెలలు, కొత్త మందుతో 5.65 నెలలు. తేడా ఐదారు వారాలు! ఏడాది దాటినవారు పాత మందుతో నూటికి 2, కొత్త మందుతో నూటికి 18. ఇంతకంటె గమనించదగ్గది మరొకటుంది. ఈ పరీక్ష చేసినవారు గడ్డ ఎంత తగ్గిందని మాత్రమే చూడలేదు. నొప్పి తగ్గిందా, నొప్పి మాత్రలు తగ్గాయా, మనిషి లేచి తిరుగుతున్నాడా, బరువు నిలబడిందా అని కూడా లెక్కవేశారు. ఆ లెక్కన మేలు పొందినవారు కొత్త మందుతో నూటికి సుమారు 24, పాత మందుతో 5. గడ్డను కాక మనిషిని కొలిచిన పరీక్ష అని నేను దీన్ని గౌరవిస్తాను.

మధ్యస్థం అంటే ఏమిటో మన భాషలో చెబుతాను. 101 మంది పేర్లతో సీనియారిటీ లిస్టు తయారుచేసి, మధ్యలో 51వ పేరు దగ్గర గీత పెట్టండి. ఆ మనిషి బతికిన కాలమే మధ్యస్థం. అతనికంటె ముందే పోయినవారు 50 మంది, అతనికంటె ఎక్కువకాలం ఉన్నవారు 50 మంది. కనుక "ఆరు నెలలు" అని డాక్టరు చెబితే అది గడువు తేదీ కాదు. ఆ లిస్టులో మనవాళ్లు ఎక్కడుంటారో ముందుగా ఎవరూ చెప్పలేరు. అయితే లిస్టు చివర ఎవరో ఒకరున్నారు గదా అని, అందరం అక్కడే ఉంటామనుకోవడమూ పొరపాటే.

ఆగిపోయిన ఫైలు

జెమ్‌సైటబైన్‌కు ఏదో ఒకటి జతచేస్తే ఇంకా బాగుంటుందన్న ఆశతో తర్వాత పదేళ్లకు పైగా ప్రయోగాలు జరిగాయి. ఇతర క్యాన్సర్లలో పేరు తెచ్చుకున్న ఖరీదైన మందులు ఇక్కడికి వచ్చేసరికి చతికిలబడ్డాయి. బెవాసిజుమాబ్ జతచేసిన పరీక్షలో మధ్యస్థం 5.8 నెలలు, జతచేయనివారిలో 5.9. ఎర్లోటినిబ్ అనే మాత్ర జతచేస్తే 5.91 నెలలు 6.24 అయింది. రోజుల్లో చెప్పాలంటే పది రోజులు. గణితశాస్త్రం ప్రకారం అది "నిజమైన తేడా"యే, అమెరికాలో అనుమతీ వచ్చింది. పది రోజుల కోసం ఒళ్లంతా దద్దుర్లు, విరేచనాలు, దానికి తోడు ఖర్చు. ఫైలు మీద "అంగీకరించబడినది" అని ఉన్నంత మాత్రాన ప్రతి ఇంటికీ అది లాభమని కాదని చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

2011, 2013: నాలుగు మందుల కలయిక, ఒక చెట్టు బెరడు

2011లో ఫ్రాన్సు నుంచి మంచి వార్త వచ్చింది. నాన్సీ నగరానికి చెందిన తియెరి కాన్‌రాయ్ నాయకత్వంలో అక్కడి 48 ఆసుపత్రులు కలిసి 342 మంది రోగుల మీద ఒక పరీక్ష జరిపాయి. కొత్త మందేమీ కాదు, ఉన్న నాలుగింటిని కలిపారు: ఫోలినిక్ ఆమ్లం, 5-ఫ్లోరోయురాసిల్, ఇరినోటికాన్, ఆక్సాలిప్లాటిన్. పేర్లలోని ముక్కలు కలిపి ఫోల్‌ఫిరినాక్స్ అన్నారు. దీనితో మధ్యస్థం 11.1 నెలలు, ఒక్క జెమ్‌సైటబైన్‌తో 6.8. ఏడాది దాటినవారు నూటికి 48, జెమ్‌సైటబైన్‌తో అయితే 21. ముదిరిన క్లోమ క్యాన్సర్‌లో ఇంత తేడా అంతకుముందెన్నడూ కనపడలేదు.

ఈ నాలుగింటి పుట్టుపూర్వోత్తరాలు చూస్తే ప్రపంచమంతా కనిపిస్తుంది. ఫోలినిక్ ఆమ్లం మన సుబ్బారావు గారు వెలుగులోకి తెచ్చిన ఫోలిక్ ఆమ్లం కుటుంబంలోది. ఆక్సాలిప్లాటిన్ 1976లో జపానులోని నగోయాలో యోషినోరి కిడాని తయారుచేసినది. ఇరినోటికాన్‌కు మూలమైన కాంప్టోథెసిన్‌ను చైనాలో పెరిగే ఒక చెట్టు నుంచి 1966లో అమెరికాలో మన్రో వాల్, మన్సుఖ్ వాణి వెలికితీశారు. వాణి గారు మహారాష్ట్రలోని నందుర్బార్‌లో పుట్టినవారు. అదే పదార్థం మన పడమటి కనుమల్లోని ఒక చెట్టులో ఇంకా ఎక్కువగా ఉందని 1972లో గోవిందాచారి, విశ్వనాథన్ అనే భారతీయ శాస్త్రవేత్తలు చూపించారు.

వాల్, వాణి ఇద్దరే 1971లో మరో చెట్టు బెరడు నుంచి టాక్సాల్‌ను గుర్తించారు. దాన్ని ఆల్బుమిన్ అనే ప్రోటీనుకు అంటించి, జెమ్‌సైటబైన్‌తో కలిపి 861 మందిపై పరీక్షించిన ఫలితం 2013లో వచ్చింది. మధ్యస్థం 6.7 నెలల నుంచి 8.5కు పెరిగింది. రెండేళ్లు దాటినవారు నూటికి 4 నుంచి 9 అయ్యారు. 2023లో ఫోల్‌ఫిరినాక్స్‌లోని ఇరినోటికాన్ రూపు మార్చి, కొవ్వు బుడగల్లో పొదిగి ఇచ్చిన పద్ధతిలో 11.1 నెలలు వచ్చాయి. పోటీగా పెట్టిన 2013 నాటి పద్ధతితో 9.2. 2024లో అమెరికాలో దానికి అనుమతి లభించింది.

పెన్షనర్లు ముఖ్యంగా చూడవలసినవి

మొదటిది, వయసు. 2011 నాటి ఫ్రెంచి పరీక్షలో 75 ఏళ్లు దాటినవారిని చేర్చుకోలేదు. కామెర్లు ఎక్కువగా ఉన్నవారిని చేర్చుకోలేదు. సొంత పనులు చేసుకుంటూ తిరగగలిగినవారినే తీసుకున్నారు. కనుక 11.1 నెలల లెక్క మంచం పట్టిన 78 ఏళ్ల మనిషికి వర్తించదు. అతనికి ఆ నాలుగు మందులూ ఎక్కిస్తే మేలుకంటె కీడు ఎక్కువ కావచ్చు. 2013 నాటి పరీక్షలో 75 దాటినవారు నూటికి పదిమంది ఉన్నారు. బలహీనంగా ఉన్నవారికి ఒక్క జెమ్‌సైటబైన్ ఇవ్వడం ఇప్పటికీ ఉంది. మనిషిని బట్టి మందు గాని మందును బట్టి మనిషి కాదు.

రెండోది, బాధ. ఫోల్‌ఫిరినాక్స్ మొరటు వైద్యం. రెండు వారాలకొకసారి, అందులో ఒక మందు 46 గంటలపాటు ఎక్కుతూనే ఉంటుంది. నూటికి 46 మందికి తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోయాయి. విరేచనాలు, నీరసం, వేళ్ల తిమ్మిర్లు సరేసరి. ఇంత ఉన్నా ఆరు నెలలకు జీవన పరిస్థితి బాగా దిగజారినవారు ఈ మందుతో నూటికి 31, తేలికైన జెమ్‌సైటబైన్‌తో 66! ఎందుకంటే మనిషిని ఎక్కువగా కుంగదీసేది మందు కాదు, జబ్బు. జబ్బు ఆగినంతకాలం మనిషి కాస్త తేరుకుంటాడు. "కీమో అంటే ఉత్త బాధే" అనే మాట అందరి విషయంలోనూ నిజం కాదని ఈ అంకె చెబుతోంది.

మూడోది, వంశం. ఈ రోగుల్లో కొద్దిమందికి, నూటికి అయిదారుగురికి, బీఆర్‌సీఏ అనే జన్యువులో పుట్టుకతో లోపం ఉంటుంది. ఈ లోపం ఆడవారిలో రొమ్ము, అండాశయ క్యాన్సర్లకూ కారణమవుతుంది. అలాంటివారికి మొదట ప్లాటినం జాతి మందులిచ్చి, జబ్బు నిలకడగా ఉంటే ఒలాపరిబ్ అనే మాత్ర ఇవ్వడం 2019లో వచ్చింది. జబ్బు తిరగబెట్టకుండా ఉండే కాలం 3.8 నెలల నుంచి 7.4కు పెరిగింది. మొత్తం జీవితకాలం మాత్రం పెరగలేదు. అయినా రక్తపరీక్షతో తెలిసే ఈ సంగతి మన కూతుళ్లకు, కొడుకులకు ముందుజాగ్రత్తగా పనికివస్తుంది. అందుచేత డాక్టరును అడగాలి.

నాలుగోది, నొప్పి. కీమో చేయించుకున్నా, వద్దనుకున్నా నొప్పికి వైద్యం మాత్రం మానకూడదు. కామెర్లు వస్తే పైత్యరసం దారికి గొట్టం వేసి తెరుస్తారు. కడుపు వెనక నరాల ముడికి సూదిమందు ఇచ్చి నొప్పిని తగ్గిస్తారు. అరుగుదలకు క్లోమరసం మాత్రలున్నాయి. అన్నిటికీ మించి మార్ఫిన్ ఉంది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద ఆసుపత్రులు మార్ఫిన్ తెచ్చుకోవాలంటే లైసెన్సు మీద లైసెన్సు కావలసివచ్చేది. 2014లో చట్టాన్ని సవరించి ఆ చిక్కులు తగ్గించారు. 1955లో హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ పేరున నెలకొన్న ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పి నివారణ విభాగం ఉంది. అక్కడికి వెళ్లడమంటే ఆశ వదులుకోవడమని భయపడేవారున్నారు. 2010లో అమెరికాలో ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులమీద జరిగిన పరీక్షలో, మొదటినుంచే ఈ సేవలు అందినవారు కీమో తక్కువ దూకుడుగా తీసుకుని కూడా 11.6 నెలలు ఉన్నారు. అందనివారు 8.9 నెలలే ఉన్నారు.

ఈ చరిత్ర ఏం చెబుతోంది

1970ల మధ్యలో అమెరికాలో క్లోమ క్యాన్సర్ వచ్చినవారిలో అయిదేళ్లు దాటినవారు అన్ని దశలూ కలిపి నూటికి 3. ఇటీవలి లెక్కల్లో 13. ఇతర అవయవాలకు పాకినవారిలో మాత్రం ఇప్పటికీ 3 దగ్గరే ఉంది. ఈ జబ్బు ముదిరాక మందులు కాలాన్ని పొడిగించాయి గాని నయం చేయలేదు. మన రెండు ఇళ్లలో వినిపించిన ప్రశ్నలకు ఈ ఫైలంతా చదివాక నాకు తోచిన జవాబు ఇది: తిరగగలిగిన మనిషికి మందు ఇప్పించడం తప్పు కాదు. అన్నీ తెలుసుకుని వద్దన్న మనిషి మాట మన్నించడమూ తప్పు కాదు. తప్పు ఒక్కటే, ఆ మనిషికి అసలు సంగతి చెప్పకపోవడం.

మన ఇళ్లలో "నాన్నగారికి తెలియనివ్వకండి" అని డాక్టరుతో గుసగుసలాడటం మామూలు. అది ప్రేమతోనే చేస్తారు. కాని నాలుగు నెలలా, పదకొండు నెలలా అన్నది తెలిస్తే గదా, మనవరాలి పెళ్లి ముందుకు జరపాలా, కాశీ వెళ్లాలా, ఆసుపత్రిలో సూది గుచ్చించుకోవాలా అన్నది ఆయన తేల్చుకునేది! జీవితమంతా సొంత సంతకంతో బతికినవాడికి చివరి కాగితం మీద ఇంకొకరు సంతకం చేయడం న్యాయం కాదు.

కనుక మిత్రులకు నా మనవి. కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, తగ్గని కడుపునొప్పి ఉన్నా, యాభై దాటాక ఉన్నట్టుండి షుగరు వచ్చినా డాక్టరుకు చూపించుకోండి. జబ్బు బయటపడితే డాక్టరును నాలుగు ప్రశ్నలు అడగండి: ఈ మందు ఎందుకు, నయం కావడానికా, కాలం పొడిగించడానికా? నా వయసుకు, నా ఒంటికి సరిపోతుందా? రెండు నెలలకు గుణం లేకపోతే ఆపుతారా? నొప్పికి ఇప్పుడే ఏం చేస్తారు? జవాబులు కాగితం మీద రాసుకోండి. ఇంట్లోవాళ్లను పక్కన కూర్చోబెట్టుకునే అడగండి.